ఎకరం ధర ఎవరు చెప్పాలి?

ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గర స్థిరపడి, పదేళ్ల నివాసం పూర్తయ్యాక వృద్ధాప్య పెన్షన్‌కు అర్హత పొందిన తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు తక్కువేమీ లేరు. వాళ్లలో చాలామందికి మన వైపు కొద్దో గొప్పో పొలమో, ఒక ఫ్లాటో, తాతల నాటి పెంకుటిల్లో ఉంటుంది. ఆ ఆస్తికి కాగితం మీద పడిన విలువను బట్టి పెన్షన్ పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. ఆ విలువ తప్పని తెలిసినా మనవాళ్లు నోరు మెదపరు. పరాయి దేశం ఇస్తున్న డబ్బుకు లెక్కలడగడం ఏం మర్యాద అన్న మొహమాటం కొందరిది, కదిలిస్తే ఉన్నది కూడా పోతుందేమో అన్న భయం ఇంకొందరిది. ఆ మౌనం వాళ్లకు నష్టం చేస్తోందనీ, తప్పు విలువను రాతపూర్వకంగా, ఆధారాలతో ప్రశ్నించి తీరాలనీ నా వాదన.

ముందు ఈ లెక్క ఎలా నడుస్తుందో చెప్పాలి. 67 ఏళ్లు నిండినవారికి ఇచ్చే ఏజ్ పెన్షన్‌కు ఆదాయాన్ని ఒకసారి, ఆస్తిని ఒకసారి విడివిడిగా లెక్కగట్టి, రెండింటిలో దేని ప్రకారం తక్కువ వస్తే ఆ మొత్తాన్ని ఇస్తారు. ఉంటున్న సొంత ఇల్లు ఆస్తి లెక్కలోకి రాదు. 2025 జులైలో అమల్లోకి వచ్చిన పరిమితి ప్రకారం, సొంత ఇల్లున్న దంపతులకు మిగతా ఆస్తి 4,81,500 డాలర్ల వరకూ, సొంత ఇల్లు లేనివారికి 7,39,500 డాలర్ల వరకూ ఉంటే పూర్తి పెన్షన్ వస్తుంది. ఆ పైన ప్రతి వెయ్యి డాలర్లకూ రెండు వారాల పెన్షన్‌లో మూడు డాలర్లు కోత పడుతుంది. 2017 జనవరికి ముందు ఈ కోత డాలరున్నర మాత్రమే ఉండేది. అంటే విలువ కట్టడంలో లక్ష డాలర్లు ఎక్కువ పడితే రెండు వారాలకు 300 డాలర్లు, ఏడాదికి 7,800 డాలర్లు చేతికి రాకుండా పోతాయి. ఊళ్లో పొలం ధరను ఎవరో నోటికొచ్చినట్టు ఎకరానికి ముప్పై లక్షలు పెంచి చెప్పిన మాట, ఇక్కడ ఇద్దరు ముసలివాళ్ల మందుల ఖర్చును మించిపోయే సొమ్ము అవుతుంది.

మనవాళ్ల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో ఉండే తల్లిదండ్రులకు ఇక్కడ సొంత ఇల్లు ఉండదు. విజయవాడలోనో హైదరాబాదులోనో వాళ్లు ముప్పై ఏళ్లు కాపురమున్న ఇల్లు ఇప్పుడు వాళ్లు ఉంటున్న ఇల్లు కాదు కాబట్టి, ఆ మినహాయింపు దానికి దొరకదు. అది డాలర్లలోకి మారి ఆస్తి లెక్కలో చేరుతుంది. ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా ప్రకటించాల్సిందే. ఈ నియమం మీద నాకు అభ్యంతరం లేదు. అవసరం ఉన్నవారికి ముందు అందాలంటే ఆస్తిని చూడక తప్పదు. ఆస్ట్రేలియా 1976లో ఆస్తిని లెక్కలోంచి తీసేసి, 1985లో మళ్లీ తెచ్చుకుంది. ఆ నిర్ణయం సబబేనని నేను అనుకుంటాను. ఆస్తిని చూసే పద్ధతి సబబైతే, ఆ ఆస్తికి కట్టే విలువ నిజం కావాలి. పద్ధతికున్న న్యాయమంతా దాని మీదే నిలిచి ఉంది.

నిజమైన విలువ అంటే ఏమిటన్నదానికి ఆ దేశపు న్యాయస్థానం నూరేళ్లకు ముందే జవాబు చెప్పింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్త్ ఫ్రీమాంటిల్‌లో స్పెన్సర్ అనే భూయజమాని స్థలాన్ని కోట కట్టడానికి ప్రభుత్వం తీసుకున్నప్పుడు పరిహారం మీద వివాదం నడిచి, 1907లో హైకోర్టు ఒక కొలత పెట్టింది. ఆస్ట్రేలియాలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. అమ్మడానికి ఇష్టమున్నా తొందర లేని యజమాని, కొనడానికి ఇష్టమున్నా తొందర లేని కొనుగోలుదారు, ఇద్దరూ ఆ స్థలం మంచిచెడ్డలన్నీ తెలిసినవాళ్లై, బేరమాడుకుంటే ఏ ధర దగ్గర కుదురుతుందో అదే విలువ. భూముల విలువ మీద వచ్చే వివాదాల్లో నేటికీ ఈ మాటనే ఆధారం చేసుకుంటారు. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ‘ఆ స్థలం మంచిచెడ్డలన్నీ తెలిసి’ అన్న భాగం. పక్క చేను ఎంత పలికిందన్నది ఒక ఆధారం మాత్రమే. ఈ చేనుకు దారి ఉందా, నీళ్లు వస్తాయా, పంపకం అయిందా, కాగితం సరిగా ఉందా, ఈ రోజు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం సాధ్యమేనా అన్నవన్నీ తెలిసిన మనిషి ఇచ్చే ధరే దాని విలువ.

మన వైపు ఒకే పొలానికి మూడు ధరలు నడుస్తాయని అందరికీ తెలుసు. ఒకటి రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన మార్కెట్ విలువ. అది పేరుకే మార్కెట్ విలువ. తెలంగాణలో 2013 తర్వాత 2021 దాకా దాన్ని సవరించనే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో సవరించారు. ప్రభుత్వాలు ఎప్పుడు సవరిస్తే అప్పుడు మారే ఆ అంకె, చాలా చోట్ల బయటి ధరలో సగం కూడా ఉండదు. కొన్నిచోట్ల, ముఖ్యంగా ధరలు పడిపోయిన కాలంలో, బయటి ధర కంటే ఎక్కువ కూడా ఉంటుంది. రెండోది నోటి ధర. పెళ్లిళ్లలో, టీ బడ్డీల దగ్గర, ఫోన్లలో తిరిగేది ఇదే. ఊళ్లో ఎవరో ఒకరు రోడ్డు పక్క బిట్టు ఒకటి అమ్మితే ఆ ధర ఊరంతటికీ అంటుకుంటుంది. మూడోది, నిజంగా సంచి పట్టుకుని వచ్చిన మనిషి ఇచ్చే ధర. పెన్షన్ లెక్కకు కావలసింది ఈ మూడోదే, కాగితం మీద దొరకనిది కూడా అదే. పక్క పొలాల దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తెచ్చి చూపిద్దామంటే, అందులో రాసి ఉండేది రిజిస్ట్రేషన్ విలువకు దగ్గరి అంకె. అసలు చేతులు మారిన సొమ్ము అందులో ఉండదు. ఆస్ట్రేలియాలో ఇళ్ల అమ్మకపు ధరలు దాదాపుగా నిజంగానే నమోదవుతాయి కాబట్టి, పోల్చి చూడటం అక్కడ సులువు. మన పొలాలకు ఆ సులువు లేదు. అందుకే ఖాళీగా ఉన్న గడిలో నోటి ధర వచ్చి కూర్చుంటుంది.

మా పెద్దమ్మా పెదనాన్నల విషయంలో జరిగింది ఇదే. మెల్‌బోర్న్ పడమటి వైపు మా అన్నయ్య ఇంట్లో వాళ్లుంటారు. పెదనాన్న వాటాకు గుంటూరు జిల్లాలో, రాజధాని గ్రామాల హద్దు దాటాక, రెండెకరాల నలభై సెంట్ల మాగాణి ఉంది. దరఖాస్తులో విలువ రాయాల్సి వచ్చినప్పుడు ఊళ్లో ఉన్న బంధువును అడిగితే, ఎకరం రెండు కోట్లకు తక్కువ లేదన్నాడు. ఆ మాటనే అన్నయ్య నింపాడు. దాంతో ఇద్దరికీ రావాల్సిన పెన్షన్‌లో కోతపడింది. ఆ రెండు కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయని తరవాత ఆరా తీస్తే తేలింది: తారు రోడ్డు పక్కన ఒక లేఅవుట్‌లో గజం నాలుగు వేలకు అమ్మారు. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గుణించేశారు. లేఅవుట్ వేసినవాడు రోడ్లకూ ఖాళీ స్థలానికీ వదిలిన భూమి, భూ వినియోగ మార్పిడికి కట్టిన డబ్బు, మెరకకు తోలిన మట్టి, అమ్ముడుపోయేదాకా మోసిన వడ్డీ, ఇవేవీ ఆ గుణకారంలో లేవు.

ఇక ఆ చేను సంగతి. తారు రోడ్డు నుంచి డొంక వెంట లోపలికి వెళ్లాలి. వానాకాలంలో ట్రాక్టరు దిగదు. డొంక చివర నుంచి మా చేనుకు సొంత దారి లేదు. పక్కవాళ్ల గట్టు మీదుగా, వాళ్ల మంచితనం మీద ఆధారపడి నడవాలి. బోదె కాలువ చివరి చేను కావడంతో రెండో పంటకు నీళ్లు అందవు. ముగ్గురు అన్నదమ్ముల మధ్య పంపకం నోటిమాట మీద జరిగింది. పాస్‌బుక్ ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. అన్నిటికంటే పెద్దది, ఆ సర్వే నంబరులో ఒక చిన్న ముక్క డొంక పోరంబోకు కావడంతో, మొత్తం నంబరునే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో పెట్టారు. ఆ జాబితాలో ఉన్నంత కాలం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఎవరూ దాన్ని ఎవరి పేరుకూ మార్చలేరు. స్పెన్సర్ కేసులో చెప్పిన ఆ తొందరలేని, తెలివైన కొనుగోలుదారు ఈ చేను గట్టున నిలబడి ఎకరానికి రెండు కోట్లు ఇస్తాడా? అసలు అడ్వాన్సయినా ఇస్తాడా?

పెద్దమ్మ ఒక్కటే మాట అంది: “ఉన్నది ఉన్నట్టు రాయండి నాయనా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.” మేం తరవాత చేసిన పనంతా ఆ మాటకు కట్టుబడి చేసిందే.

ఆ రెండో సగాన్ని, అంటే తక్కువ వద్దన్న మాటను, మనవాళ్లలో చాలామంది వదిలేస్తారు. విలువను ప్రశ్నించవచ్చని తెలియగానే కొందరు రిజిస్ట్రేషన్ విలువ సర్టిఫికెట్ తెచ్చి, ప్రభుత్వమే చెప్పింది కదా, ఇదే రాయండి అంటారు. అది నిజం కాదని రాసేవాళ్లకు తెలుసు. రేపు ఆ పొలాన్ని బయటి ధరకు అమ్మి డబ్బు బ్యాంకులో పడిన రోజున, ఇన్నాళ్లూ ఎక్కువ తీసుకున్న పెన్షన్ అప్పుగా మారి మెడకు చుట్టుకుంటుంది. పిల్లలకు రాసిచ్చి తప్పించుకుందామన్నా దారి లేదు. ఆర్థిక సంవత్సరానికి 10,000 డాలర్లు, ఐదేళ్లలో కలిపి 30,000 డాలర్లకు మించి ఏ బహుమతి ఇచ్చినా, ఆ మించిన భాగం ఐదేళ్ల పాటు ఇచ్చినవారి ఆస్తిగానే లెక్కలో ఉంటుంది. కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికైనా ఇదే వర్తిస్తుంది, అక్కడా విలువ ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది. ఎక్కువ విలువను ప్రశ్నించే నైతిక హక్కు, తక్కువ విలువ రాయని మనిషికే ఉంటుందని నా నమ్మకం.

సరే, ప్రశ్నించే దారి ఏది? పెన్షన్ ఇచ్చే సర్వీసెస్ ఆస్ట్రేలియా, అంటే మనం సెంటర్‌లింక్ అని పిలిచే వ్యవస్థ, తన ఏ నిర్ణయాన్నయినా తిరిగి పరిశీలించమని అడిగే అవకాశం చట్టంలోనే ఇచ్చింది. ముందు నిర్ణయానికి వివరణ అడగాలి. ఏ విలువ, ఏ తేదీకి, ఏ ఆధారంతో కట్టారో కనుక్కోవాలి. వాల్యూయర్, అంటే ఆస్తి విలువ కట్టే నిపుణుడు, ఇచ్చిన నివేదిక ఏదైనా ఉంటే 1982 సమాచార స్వేచ్ఛ చట్టం కింద దాన్ని కోరవచ్చు. తరవాత రివ్యూ అడిగితే, మొదటి నిర్ణయంతో సంబంధం లేని అథరైజ్డ్ రివ్యూ ఆఫీసర్ ఫైలు చూస్తారు. ఇక్కడ గడువు చాలా ముఖ్యం. నిర్ణయం తెలిపిన ఉత్తరం అందిన 13 వారాల్లోపు అడిగితే దిద్దుబాటు పాత తేదీ నుంచి వర్తిస్తుంది. ఆ తర్వాత అడిగితే అడిగిన రోజు నుంచే. మొహమాటంతో ఏడాది గడిపినవాళ్లు ఆ ఏడాది డబ్బును వదులుకున్నట్టే. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే, 2024 అక్టోబరు 14న పాత ట్రిబ్యునల్ స్థానంలో వచ్చిన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇలాంటి విషయాలకు అక్కడ ఫీజు లేదు. కమ్యూనిటీ లీగల్ సెంటర్లు ఉచితంగా సలహా ఇస్తాయి. తెలుగు కాగితాల అనువాదం, ఫోనులో తెలుగు దుబాసీ కూడా ఉచితమే. ఇన్ని తలుపులు తెరిచి ఉంచిన వ్యవస్థ, మనం తట్టినందుకు కోపగిస్తుందన్న భయానికి ఆధారం లేదు.

ఆధారాల విషయంలో కాస్త శ్రద్ధ కావాలి. ‘మా పొలం అంత చేయదు’ అన్న ఉత్తరం చాలదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదైన వాల్యూయర్ స్వయంగా పొలానికి వెళ్లి, ఫోటోలు తీసి, ఏ కారణానికి ఎంత తగ్గించాడో విడివిడిగా రాసిన నివేదిక అన్నిటికంటే బలంగా నిలుస్తుంది. అడంగల్, వన్ బీ వంటి భూ రికార్డులు, 22-ఎ జాబితాలో సర్వే నంబరు కనబడే పేజీ, ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటంలో దారి లేదని చూపే భాగం, కౌలు కాగితం జతచేయాలి. ఆ భూమి మీదే తీసుకున్న తాకట్టు అప్పు ఉంటే దాన్ని విలువలోంచి తీసేస్తారు కాబట్టి, సొసైటీ నుంచో బ్యాంకు నుంచో బాకీ పత్రం తెచ్చుకోవాలి. వ్యవసాయ భూమిని విదేశాల్లో ఉన్నవారు భారతదేశంలో నివసించే వారికే అమ్మగలరన్న విదేశీ మారకద్రవ్య నిబంధనను కూడా కొందరు వాదనగా ఎత్తుతారు. నేను దాన్ని పెద్దది చేయను. ఊళ్లో పొలం కొనేది ఎలాగూ ఊళ్లో వాళ్లే. అది ధరను నిజంగా తగ్గించేదేమీ కాదు. బలహీనమైన వాదనను జోడిస్తే బలమైనదాని మీద కూడా నమ్మకం పోతుంది.

తేదీ కూడా రాయాలి. అమరావతి చుట్టుపక్కల భూముల సంగతి తెలిసినవారికి దీన్ని విడమర్చి చెప్పక్కరలేదు. 2014 చివర రాజధాని ప్రకటనతో ఎగిసిన ధరలు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాడు లేక కూలబడ్డాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కదిలాయి. 2018 నాటి విలువను 2021లో పట్టుకు వేలాడితే పెన్షనరుకు అన్యాయం. 2021 నాటి విలువను ఇవాళ పట్టుకు వేలాడితే అది ఖజానాకు అన్యాయం.

ఎక్కడిదో సగటును తెచ్చి ఒక మనిషి మీద రుద్దడం ఎంత ప్రమాదమో ఆస్ట్రేలియా తన అనుభవంతోనే తెలుసుకుంది. ‘రోబోడెట్’ అని పేరుపడిన పథకంలో, పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని రెండు వారాల చొప్పున సమానంగా పంచి, ఆ సగటు ఆధారంగా, ప్రభుత్వ సాయం ఎక్కువ తీసుకున్నారంటూ లక్షలాది మందికి అప్పులు అంటగట్టారు. కొన్ని వారాలే పని దొరికిన మనిషి ఏడాదంతా సంపాదించినట్టు లెక్క తేలింది. కాదని నిరూపించుకునే బరువు కూడా ఆ మనిషి మీదే పడింది. 2019లో అది చట్టవిరుద్ధమని తేలి ఆగిపోయింది. 2023 జులైలో కేథరిన్ హోమ్స్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఆ పథకాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆదాయం విషయంలో సగటు చేసిన తప్పునే భూమి విషయంలో మన బంధువుల నోటి ధర చేస్తుంది. మండలం మొత్తానికి ఒక ధర ఉండదు.

మన దేశపు చట్టం కూడా ఈ వాదనను ఒప్పుకుంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 50సి సెక్షను, రిజిస్ట్రేషన్ విలువ కంటే తక్కువకు అమ్మినవారి పన్నును ఆ విలువ మీదే లెక్కించమంది. అయితే ఆ విలువ అసలు మార్కెట్ ధరను మించిందని అమ్మినవారు చెబితే వాల్యుయేషన్ ఆఫీసరుకు పంపే దారిని కూడా అదే సెక్షనులో పెట్టింది. ఆంధ్రప్రదేశ్ సామాజిక పెన్షన్లలో వేరే పద్ధతి: 2019 డిసెంబరు మార్గదర్శకాలు విలువను కాకుండా విస్తీర్ణాన్ని చూశాయి; మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాల లోపు ఉండాలన్నాయి. దాంట్లో ధర తగాదా లేదు గానీ, రికార్డులో మాగాణి అని ఉండి పదేళ్లుగా నీళ్లెరగని చేనున్న రైతు కూడా అదే రకంగా నష్టపోతాడు. కాగితానికీ నేలకూ మధ్య దూరం ఉన్నచోటల్లా అడిగే దారి ఉండాలి.

ఇక మర్యాద ప్రశ్న. పరాయి సొమ్ము అన్న మాట నాకు రుచించదు. ఆస్ట్రేలియాలో 1909లో వృద్ధాప్య పెన్షన్ మొదలైనప్పుడు, ఇక్కడ పుట్టినవారిని మినహాయించి ఆసియా వాళ్లెవరికీ ఇవ్వలేదు. 1922లో భారత రాజకీయ నాయకుడు వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఇక్కడ పర్యటించి, భారతీయులకు సమాన హక్కులివ్వమని అడిగి వెళ్లాక, 1926లో బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి ఆ పెన్షన్ దక్కింది. ఒకరు నిలబడి అడిగితే వచ్చిన హక్కు ఇది. ఇవాళ దాన్ని పొందుతున్న తల్లిదండ్రుల పిల్లలు ఇక్కడ పన్నులు కడుతున్నారు, ఆ తల్లిదండ్రులు మనవలను పెంచి ఆ పిల్లలను పనికి పంపారు. తప్పు లెక్కను సరిచేయమనడంలో కృతఘ్నత ఎక్కడుంది?

నాకు ఒక కోరిక ఉంది. విదేశంలో ఉన్న ఆస్తి విలువను లెక్కలోకి తీసుకున్నప్పుడల్లా ఆ అంకె, దాని తేదీ, ఆధారం, వాడిన మారకపు రేటు పెన్షన్ ఉత్తరంలోనే కనబడాలి. ఇంగ్లీషు చదవలేని పెద్దవాళ్లకు అది వాళ్ల భాషలో ఉండాలి. విలువ ప్రకటించమన్న గడి పక్కనే, నోటి ధరలు రాయవద్దనీ ఆ చోటు ఉన్న స్థితిని చూసి రాయమనీ రెండు వాక్యాలు ఉంటే ఎన్నో ఇళ్లలో ఈ తగాదా పుట్టదు. ఆస్ట్రేలియాలో ఇల్లున్న పెన్షనరు దాని మీద ప్రభుత్వం దగ్గరే రుణం తీసుకుని తగ్గిన పెన్షన్‌ను పూడ్చుకోగలడు. ఊళ్లో పొలమున్నవారికి ఆ పథకం వర్తించదు. అమ్మలేని, తాకట్టు పెట్టలేని ఆస్తి ఉన్నవారికి చట్టంలో ప్రత్యేక నిబంధనలున్నాయని కూడా ఆ ఉత్తరమే చెప్పాలి.

మా పెదనాన్న పొలం మీద రివ్యూ ముగిసి, వాల్యూయర్ రాసిన విలువను ఆమోదించారు. గడువులోపే అడిగినందువల్ల పాత తేదీ నుంచి తేడా కూడా జమ చేశారు. సర్వే నంబరును నిషేధిత జాబితా నుంచి తొలగించమన్న అర్జీ ఇప్పుడు జిల్లా కలెక్టరు దగ్గర ఉంది. అది మంజూరైతే చేనుకు ధర పెరుగుతుంది, పెన్షన్ కొంత తగ్గుతుంది. ఆ మార్పును 14 రోజుల్లో తెలపాలి కాబట్టి, అప్పుడు పంపాల్సిన వివరాలన్నీ అన్నయ్య ఇప్పటికే రాసి ఫైలులో పెట్టాడు.